ఇంటి పనికి కాగితం రాసుకోవడం అపనమ్మకమా?

దివ్యఖుర్ఆన్‌లో అన్నిటికన్నా పెద్ద ఆయత్ ఏది అని పిల్లలను అడిగితే ‘ఆయతుల్ కుర్సీ’ అనేవాళ్ళే ఎక్కువ. ఘనతలో అది గొప్ప ఆయత్. కాని నిడివిలో పెద్దది అల్ బఖరా సూరాలోని 282వ ఆయత్. అందులో ఉన్న విషయం నమాజు కాదు, రోజా కాదు, హజ్ కూడా కాదు. గడువు పెట్టుకుని చేసే ఇచ్చిపుచ్చుకోళ్ళను రాసుకోండని విశ్వాసులకు అల్లాహ్ చేసిన ఆదేశం అది. రాసేవాడు న్యాయంగా రాయాలి, రాయను అనకూడదు. ఇద్దరు సాక్షులుండాలి. మొత్తం చిన్నదైనా పెద్దదైనా రాయడానికి విసుక్కోకూడదు. రాసినవాడికి గాని, సాక్ష్యం చెప్పినవాడికి గాని హాని కలగకూడదు. చేతికి చేయి అక్కడికక్కడే జరిగిపోయే బేరానికి మాత్రం రాయకపోయినా తప్పు లేదు.

ఇంత వివరంగా చెప్పిన విషయాన్ని మనం ఎంత తేలిగ్గా తీసుకుంటున్నామో చూడాలంటే ఇల్లు కట్టుకుంటున్న ఏ కుటుంబాన్నయినా అడగండి. ఇటుక, సిమెంటు, ఇనుము కొన్న రసీదులు భద్రంగా ఉంటాయి. గార పని ఎవరికి, ఎంతకు, ఏ లెక్కన ఒప్పుకున్నారో రాసిన కాగితం మాత్రం ఉండదు. ‘మనవాడే కదా, కాగితమెందుకు, బాగుండదు’ అంటారు. ఆరు నెలల తర్వాత ఆ ‘మనవాడు’ పక్క సందులోంచి పోతుంటాడు, సలాం కూడా ఉండదు.

ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాల్లో ఈ తగాదాలు గోడలు లేపేటప్పుడు రావు. పునాది లోతు, గోడ ఎత్తు కంటికి కనబడతాయి, టేపుకు అందుతాయి. తగాదా వచ్చేది చివరి పనుల్లో. గార, లప్పం, రంగు, ఇప్పుడు కొత్తగా వచ్చిన జిప్సం బోర్డు సీలింగు, దుకాణాల్లో బోర్డుతో కట్టే అడ్డుగోడలు. ఆదోని షాహీ జామియా మసీదు కట్టిన 17వ శతాబ్దంలో సున్నం, గార తప్ప ఈ బోర్డుల సంగతి ఎవరికీ తెలియదు. బేల్దారి పని తరతరాలుగా చూసిన పెద్దలకు కూడా ఈ కొత్త పనిలో ఏది మంచి, ఏది నాసి చెప్పడం కష్టం. బెంగుళూరులో పని నేర్చుకుని వచ్చిన కుర్రవాళ్ళు చేస్తారు. వాళ్ళు వాడే మాట ఒకటి, ఇంటివారు అర్థం చేసుకునేది ఒకటి. ‘ఫినిషింగ్’ అనే ఒక్క మాటే తీసుకోండి. మేస్త్రీ దృష్టిలో బోర్డు బిగించి, అతుకులు మూస్తే ఫినిషింగ్ అయిపోయింది. ఇంటి యజమాని దృష్టిలో రంగు కూడా పడి, కింద నేల తుడిచి, తాళం చేతికిస్తేనే ఫినిషింగ్. ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు. అయినా ఇద్దరూ తగువుకు సిద్ధంగా ఉన్నారు.

ఈ గొడవ మన ఊళ్ళకే పరిమితం కాదు. ఇళ్ళ గోడలు చాలావరకు బోర్డుతోనే కట్టుకునే అమెరికాలో ఈ ‘ఫినిషింగ్’ను 0 నుండి 5 దాకా స్థాయిలుగా విడగొట్టుకున్నారు. 0 అంటే బోర్డు బిగించి వదిలేయడం. 4 అంటే అతుకుల మీద టేపు, పూతలు వేసి మామూలు రంగుకు సిద్ధం చేయడం. 5 అంటే ఆపైన మొత్తం ఉపరితలానికి పలచటి పూత వేయడం. అంకె ఒకటి ఒప్పందంలో రాస్తే చాలు. మనకు ఆ అంకెలు అలవాటు లేవు. కాబట్టి మాటల్లోనే విడమరచి రాసుకోవాలి.

రోజు కూలి వేరు, గుత్త వేరు

షరీఅత్ పనివాళ్ళను రెండు రకాలుగా చూస్తుంది. ఒకరికే తన సమయాన్ని ఇచ్చేవాడు ‘అజీరె ఖాస్’. మన రోజు కూలి ఇతడే. పని తీసుకుని, తన వీలుకొద్దీ చేసి అప్పగించేవాడు ‘అజీరె ముష్తరక్’. గుత్తకు ఒప్పుకున్న మేస్త్రీ, దర్జీ, రంగరేజు ఈ కోవలోని వారు. ఈ తేడా తెలియక జరిగే అన్యాయం చాలా ఉంది.

రోజు కూలికి పిలిచిన మనిషి ఉదయం ఎనిమిదింటికి వచ్చి కూర్చున్నాడు. సిమెంటు రాలేదు. మధ్యాహ్నం దాకా చూసి ‘పని జరగలేదు కదా, సగం కూలి తీసుకో’ అంటాడు యజమాని. ఇది సరికాదు. అతడు తన సమయాన్ని అప్పగించాడు, వాడుకోలేకపోయింది మనం. ఆ పూట కూలి అతని హక్కు. గుత్త మేస్త్రీ సంగతి వేరు. అతనికి రావలసింది పనికి ప్రతిఫలం. తన మనుషులు రాకపోతే, రోజులు వృథా అయితే ఆ నష్టం అతనిదే. పనిలో జరిగిన నష్టానికి అతడు ఎంతవరకు బాధ్యుడనే విషయంలో మాత్రం ఇమామ్ అబూ హనీఫాకు, ఆయన శిష్యులు ఇమామ్ అబూ యూసుఫ్, ఇమామ్ ముహమ్మద్‌లకు అభిప్రాయభేదం ఉంది. శిష్యులు బాధ్యతను ఎక్కువగా మోపారు.

ఇంకో తేడా ఉంది. సామాను యజమాని తెచ్చి, పని మాత్రం మేస్త్రీ చేస్తే అది ‘ఇజారా’. బోర్డు, ఇనుప చానళ్ళు, స్క్రూలు అన్నీ మేస్త్రీయే తెచ్చి సీలింగ్ కట్టి ఇస్తే అది ‘ఇస్తిస్నా’ కిందికి వస్తుంది. ఇస్తిస్నాలో వస్తువు రకం, కొలత, నాణ్యత ముందే స్పష్టంగా చెప్పుకోవాలి. డబ్బు మొత్తం ముందే ఇవ్వనవసరం లేదు, విడతలుగా ఇచ్చుకోవచ్చు. చెప్పిన ప్రకారం తయారైన తర్వాత ‘నాకొద్దు’ అనే అధికారం యజమానికి లేదని ఇమామ్ అబూ యూసుఫ్ అభిప్రాయం. ఉస్మానీయ ప్రభుత్వం 19వ శతాబ్దంలో తయారుచేయించిన ‘మజల్లా’ చట్టంలో ఈ అభిప్రాయాన్నే తీసుకున్నారు.

సాయంత్రానికి కూలి చేతిలో పెట్టి పంపేది దాదాపు చేతికి చేయి బేరమే. దానికి కాగితం లేకపోయినా నడుస్తుంది. గుత్త అలా కాదు. పని రేపటిది, డబ్బు రేపటిది. రెండు వైపులా బాకీయే. ఆయత్‌లోని మాట సరిగ్గా ఇక్కడే మనకు వర్తిస్తుంది. రాయడం వాజిబ్ కాదు, ముస్తహబ్ అని ఎక్కువమంది ధర్మవేత్తలు అన్నమాట నిజమే. తర్వాతి ఆయత్‌లో ఒకరినొకరు నమ్మినప్పుడు నమ్మకం పొందినవాడు అమానతును తీర్చాలని కూడా ఉంది. అయితే ముస్తహబ్ అంటే వదిలేయవలసింది అని మనం అర్థం చేసుకున్నట్లుంది!

ఎవరు చెప్పాలి? ఎవరు రాయాలి?

ఈ ఆయత్‌లో మనం పెద్దగా గమనించని ఒక విషయం ఉంది. కాగితంలో ఏం రాయాలో చెప్పవలసింది ఎవరు? డబ్బున్నవాడు కాదు. ఎవరి మీద బాకీ ఉందో వాడు. తన నోటితో తాను ఒప్పుకున్నది తానే చెప్పాలి, అందులో ఏమీ తగ్గించకూడదు. అతడు చెప్పలేని స్థితిలో ఉంటే అతని తరఫువాడు న్యాయంగా చెప్పాలి.

దీన్ని ఇంటి పనికి అన్వయించి చూడండి. డబ్బు బాకీ యజమానిది. కాబట్టి ‘ఇంత ఇస్తాను, ఫలానా రోజున ఇస్తాను’ అన్న మాట యజమాని నోట రావాలి. పని బాకీ మేస్త్రీది. ‘ఇది చేస్తాను, ఇలా చేస్తాను’ అన్న మాట మేస్త్రీ నోట రావాలి. చదువుకున్న యజమాని రెండు పేజీలు తానే రాసి, చదువురాని మేస్త్రీ చేత వేలిముద్ర వేయించుకుంటే అది కాగితమే గాని ఆ ఆయత్ కోరిన కాగితం కాదు. మన ప్రాంతంలో తెలుగు, ఉర్దూ, కన్నడం మూడూ వినబడతాయి. మేస్త్రీకి ఏ భాష వస్తే ఆ భాషలో చదివి వినిపించి, అతని చేత తిరిగి చెప్పించుకుని, ఆ తర్వాతనే సంతకం చేయించాలి. ఇంట్లో చదువుకునే అమ్మాయి ఉంటే ఈ పని ఆమెకు అప్పగించవచ్చు. చక్కగా చేస్తుంది.

ఒప్పందం ఎంత స్పష్టంగా ఉండాలో హజ్రత్ మూసా (అలైహిస్సలాం) జీవితంలో చూస్తాం. మద్‌యన్‌లో ఆయనను పనికి పెట్టుకున్న పెద్దాయన ఎనిమిదేళ్ళు చేయాలని, పదేళ్ళు పూర్తి చేస్తే అది మూసా ఇష్టమని, తాను కష్టపెట్టదలచుకోలేదని చెప్పారు. రెండు గడువుల్లో దేన్ని పూర్తి చేసినా తన మీద ఒత్తిడి ఉండకూడదని హజ్రత్ మూసా ఖాయం చేసుకున్నారు. అల్ ఖసస్ సూరాలో ఈ వివరం ఉంది. తప్పనిసరి ఎంత, దయతో చేసేది ఎంత అన్నది మొదటిరోజే విడిపోయింది. మన ఇళ్ళలో విడిపోనిది అదే. ‘ఎట్లాగూ సారువ కట్టెలు కట్టే ఉన్నాయి కదా, ఆ పిట్టగోడకు కూడా ఒక చేయి వేసిపో’ అంటాం. మేస్త్రీ వేస్తాడు. చివర లెక్కలో దానికి డబ్బు కలిపితే మనకు కోపం, కలపకపోతే అతనికి బాధ. అదనపు పని చెప్పిన రోజే ‘ఇది డబ్బుకు’ లేదా ‘ఇది ఊరికే’ అని ఒక పంక్తి రాసి ఇద్దరూ సంతకం చేస్తే చాలు.

కొలత దగ్గరే అసలు చిక్కు

గార పనికి చదరపు అడుగుకు ఇంత అని మాట్లాడుకుంటారు. రేటు దగ్గర గంటసేపు బేరమాడతారు. కొలత ఎలా అన్నది మాత్రం ఎవరూ అడగరు. 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు ఉన్న గది అనుకుందాం. నాలుగు గోడల చుట్టుకొలత 44 అడుగులు. వైశాల్యం 440 చదరపు అడుగులు. అందులో 3 అడుగుల వెడల్పు, 7 అడుగుల ఎత్తు తలుపు ఒకటి, 4 అడుగుల చదరపు కిటికీ ఒకటి. ఆ రెండూ కలిసి 37 చదరపు అడుగులు. యజమాని వాటిని తీసేసి 403 అంటాడు. తలుపు, కిటికీల అంచులకు చేసే పని ఎక్కువ కాబట్టి తీయకూడదని మేస్త్రీ 440 అంటాడు. రేటు 30 రూపాయలనుకుంటే ఒక్క గదికి 1,110 రూపాయల తేడా. అలాంటివి ఐదు గదులుంటే 5,550.

ఎవరిది న్యాయం? భారతీయ ప్రమాణాల సంస్థ కొలతల ప్రమాణం ఐఎస్ 1200లో దీనికి ఒక మధ్యేమార్గం ఉంది. అర చదరపు మీటరు లోపు ఖాళీలకు కోత లేదు. అర నుండి 3 చదరపు మీటర్ల దాకా, అంటే దాదాపు 32 చదరపు అడుగుల దాకా ఉన్న తలుపు, కిటికీలకు గోడ రెండు వైపులా ఒకే రకం గార చేస్తే ఒక వైపు మాత్రమే కోసి, రెండో వైపు వదిలేస్తారు. అంచుల పనికి వేరే లెక్క ఉండదు. అంతకన్నా పెద్ద ఖాళీలకు రెండు వైపులా కోసి, అంచులను విడిగా కొలుస్తారు. ఈ పద్ధతినే పాటించాలని లేదు. ఇద్దరూ ఒప్పుకున్న పద్ధతి ఏదైనా చెల్లుతుంది. అది పని మొదలు కాకముందు ఒప్పుకున్నదై ఉండాలి, అంతే.

సీలింగ్ పనిలోనూ ఇదే చిక్కు. పైన చెప్పిన గదికే చుట్టూ 2 అడుగుల వెడల్పున అంచు దించి, మధ్యలో లోపలికి వదిలారనుకోండి. నేల కొలత ప్రకారం 120 చదరపు అడుగులు. మధ్య ఖాళీ చుట్టుకొలత 28 అడుగులు. అక్కడ అర అడుగు నిలువు ముఖాన్ని కూడా కొలిస్తే మరో 14. మొత్తం 134. లైట్ల కోసం రంధ్రాలు కోయడం సీలింగ్ మేస్త్రీ పనా, కరెంటు మేస్త్రీ పనా? ఫ్యాను కొక్కెం స్లాబుకే ఉండాలి, బోర్డు ఆ బరువును మోయలేదు. కొక్కేనికి రాడ్డు పొడిగించేది ఎవరు? ఇవి చిన్న ప్రశ్నల్లాగే కనబడతాయి. తాళం తీసుకునే రోజున ఇవే పెద్దవవుతాయి.

నీళ్ళ సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. గార వేసిన గోడను కనీసం వారం రోజులు తడపాలి. మన ఎండలకు తడపకపోతే గార పొడిబారి, పగుళ్ళిచ్చి, తట్టితే డొల్లగా మోగుతుంది. వేసవిలో కుళాయి నీళ్ళు సరిపోవు, ట్యాంకరు తెప్పించాలి. తడిపే బాధ్యత ఎవరిది, ట్యాంకరు డబ్బు ఎవరిది అన్నది రాయలేదంటే ఇద్దరూ ఎదుటివాడిదే అనుకుంటారు. గోడ ఎండిపోతుంది.

గడువు రాసేటప్పుడు మన ప్రాంతపు కాలాన్ని కూడా చూసుకోవాలి. దసరా, దీపావళి దాటితే కూలీలు కుటుంబాలతో సుగ్గికి గుంటూరు, బెంగుళూరు వైపు వెళ్ళిపోతారు. ఆ నెలల్లో నికాహ్ పెట్టుకుని, ‘పదిరోజుల్లో సీలింగ్ అయిపోవాలి’ అని రాయించుకోవడం వల్ల ఫలితం లేదు. మేస్త్రీ చేయలేనని తెలిసీ తల ఊపుతాడు.

దాచిన లోపం

మార్కెట్‌లో ధాన్యపు రాశిలో చేయి పెట్టి చూసిన దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం)కు లోపల తడి తగిలింది. వానకు తడిసిందని అమ్మేవాడు చెప్పాడు. జనానికి కనబడేలా దాన్ని పైన ఎందుకు పెట్టలేదని ఆయన అడిగారు. మోసగించేవాడికి తనతో సంబంధం లేదన్నారు. ముస్లిం హదీసు గ్రంథంలో ఉన్న ఈ సంఘటన ఆదోని యార్డుకు పత్తి తెచ్చే రైతుకు, కొనే వ్యాపారికి వివరించనక్కరలేదు. గార, బోర్డు పనులు రెండూ లోపలిదాన్ని కప్పేసే పనులే. పైన నునుపుగా ఉంటుంది. లోపల చానళ్ళు ఎంత దూరానికి ఒకటి ఉన్నాయో, గారలో సిమెంటు ఎంత కలిసిందో యజమానికి తెలియదు. అందుకే లోపల ఏముండాలో రాయడం, కప్పేయక ముందు యజమాని చూసి ఒప్పుకోవడం ఒప్పందంలో ఉండాలి. చూపించిన తర్వాత, చూసి సరే అన్న తర్వాత, మళ్ళీ దాని మీద తగువు పెట్టే హక్కు యజమానికి ఉండదు. ఇది మేస్త్రీకి కూడా రక్షణే. స్లాబు కారి బోర్డు ఉబ్బితే అది అతని తప్పు కాదు. అతుకు దగ్గర పగిలితే అతనిదే.

ఆలస్యానికి జరిమానా రాయవచ్చా?

ఇది తరచుగా వచ్చే ప్రశ్న. పని అప్పగించడంలో ఆలస్యమైతే రోజుకు ఇంత తగ్గిస్తామని ముందే రాసుకోవచ్చు. ఈ రోజు కుట్టి ఇస్తే ఒక దిర్‌హమ్, రేపు ఇస్తే అర దిర్‌హమ్ అని దర్జీతో ఒప్పుకునే విషయం పాత ఫిఖహ్ గ్రంథాల్లోనే ఉంది. అబూ యూసుఫ్, ముహమ్మద్ ఇద్దరూ రెండు షరతులూ చెల్లుతాయన్నారు. ఇస్తిస్నాలో ఇలాంటి షరతు చెల్లుతుందని అంతర్జాతీయ ఇస్లామిక్ ఫిఖహ్ అకాడమీ 1992లో జిద్దాలో తీర్మానించింది. అతని చేతిలో లేని కారణం వల్ల ఆలస్యమైతే జరిమానా వర్తించదు.

మరి యజమాని డబ్బు ఇవ్వడంలో ఆలస్యం చేస్తే? అప్పుడు రోజుకు ఇంత అదనం అని రాయకూడదు. అది బాకీ మీద పెంపు, అంటే వడ్డీ. అదే అకాడమీ 2000లో రియాద్‌లో ఈ తేడాను స్పష్టం చేసింది. కొందరు యజమానులు దీన్ని తమకు అనుకూలంగా తీసుకుంటారు. వడ్డీ హరామ్ కాబట్టి ఆలస్యం హలాల్ అయినట్లు! ఇచ్చే స్థోమత ఉండి ఆలస్యం చేయడం జుల్మ్ అని దైవప్రవక్త (స) చెప్పారు. చెమట ఆరకముందే కూలి ఇమ్మన్నారు. పనివాడితో పూర్తిగా పని చేయించుకుని కూలి ఇవ్వనివాడికి ప్రళయదినాన తానే ప్రతివాదినని అల్లాహ్ అన్నట్లు బుఖారీ హదీసులో ఉంది. మేస్త్రీకి రక్షణగా విడతలు రాసుకోవాలి. ఒక విడత డబ్బు రానిదే తర్వాతి పని మొదలు పెట్టనవసరం లేదని రాసుకోవాలి. రంగు వేసిన బట్టను కూలి వచ్చేదాకా అట్టిపెట్టుకునే హక్కు రంగరేజుకు ఉందని హనఫీ ధర్మవేత్తలు చెప్పారు. ఎమ్మిగనూరు మగ్గాల ఇళ్ళలో ఈ మాట బాగా అర్థమవుతుంది. బేల్దారికి అట్టిపెట్టుకోవడానికి ఏమీ ఉండదు, వేసిన గోడ వేసినట్టే మిగిలిపోతుంది. అందుకే అతనికి కాగితం అవసరం మనకన్నా ఎక్కువ.

చివరి పదోవంతు డబ్బును లోపాలు బయటపడే దాకా ఆపుకోవచ్చా? ముందే ఒప్పుకుని, తేదీ వేసి రాస్తే ఆపుకోవచ్చు. రాయకుండా ఆపడం మాత్రం హక్కును పట్టి ఉంచడమే.

1872 నాటి భారత ఒప్పందాల చట్టం ప్రకారం నోటి మాట కూడా ఒప్పందమే. కాని నిరూపించడం కష్టం. చేసిన పనికి రావలసిన డబ్బు కోసం పని జరిగిన నాటి నుండి మూడేళ్ళ లోపే దావా వేయాలి. కోర్టు దాకా పోకముందే లోక్ అదాలత్ ద్వారా పరిష్కరించుకునే దారి ఉంది. అక్కడ రాజీ కుదిరితే అది కోర్టు తీర్పుతో సమానం, దాని మీద అప్పీలు లేదు. మసీదు పెద్దలైనా, లోక్ అదాలత్ అయినా మొదట అడిగేది ఒకటే. రాసుకున్నారా?

కాగితం ఇలా ఉండవచ్చు

జిప్సం సీలింగ్ పనికి ఒక నమూనా ఇస్తున్నాం. ఖాళీలను మీ లెక్క ప్రకారం నింపుకోండి. గారకైతే సిమెంటు, ఇసుక పాళ్ళు (లోపలి గోడలకు సాధారణంగా 1:6), మందం (12 మిల్లీమీటర్లు), తడిపే రోజులు, తలుపు, కిటికీల కోత చేర్చుకోవాలి.

“బిస్మిల్లాహిర్రహ్మానిర్రహీమ్. తేదీ ..., ఊరు .... మేస్త్రీ చెప్పినది: ఈ ఇంట్లో హాలుకు, రెండు గదులకు జిప్సం బోర్డు సీలింగ్ కట్టి ఇస్తాను. సామాను నాదే. బోర్డు 12.5 మిల్లీమీటర్ల మందం, ... కంపెనీది. బోర్డు మోసే చానళ్ళు ఒకటిన్నర అడుగుకు ఒకటి, వాటి పైవి నాలుగు అడుగులకు ఒకటి బిగిస్తాను. బోర్డు మూయక ముందు యజమానిని పిలిచి చూపిస్తాను. అతుకులకు కాగితపు టేపు వేసి, పూత వేసి, రుద్ది, రంగుకు సిద్ధం చేసి అప్పగిస్తాను. రంగు నా పని కాదు. లైట్ల రంధ్రాలు యజమాని గుర్తుపెట్టిన చోట నేనే కోస్తాను. పని ... తేదీ లోపు ముగిస్తాను. నా వల్ల ఆలస్యమైతే రోజుకు ... రూపాయలు తగ్గించుకోవడానికి ఒప్పుకుంటున్నాను. ఆరు నెలల లోపు అతుకులు పగిలితే ఉచితంగా సరిచేస్తాను. పైనుంచి నీరు కారడం వల్ల వచ్చిన నష్టం నాది కాదు. యజమాని చెప్పినది: చదరపు అడుగుకు ... రూపాయల చొప్పున ఇస్తాను. నేల కొలతతో పాటు దించిన అంచుల నిలువు ముఖాన్నీ కొలవడానికి ఒప్పుకుంటున్నాను. బయానాగా ... రూపాయలు ఈ రోజు ఇచ్చాను. చానళ్ళు బిగించి చూపించిన రోజున ..., పని అప్పగించిన రోజున ..., మిగిలిన ... రూపాయలు ... తేదీన ఇస్తాను. విడత డబ్బు నేను ఇవ్వకపోతే మేస్త్రీ పని ఆపవచ్చు, ఆ రోజులు ఆలస్యంలో లెక్కకు రావు. కరెంటు, నీళ్ళు, సామాను పెట్టుకునే గది నేను ఇస్తాను. అదనంగా ఏ పని చెప్పినా దాని డబ్బు ఇదే కాగితం వెనుక రాసి ఇద్దరం సంతకం చేస్తాం. ఇది ఇద్దరికీ అర్థమయ్యే భాషలో చదివి వినిపించబడింది.”

కింద ఇద్దరి సంతకాలు, ఇద్దరు సాక్షుల సంతకాలు. స్టాంపు కాగితం మీద రాసుకుంటే కోర్టు అవసరం పడినప్పుడు పనికొస్తుంది. రెండు ప్రతులు తప్పనిసరి. రెండోది మేస్త్రీ చేతికి ఆ రోజే ఇవ్వండి, ‘తర్వాత జిరాక్స్ తీసి ఇస్తాలే’ అనకండి.